మామ ప్లేటు రెండో వైపు

దెయ్యాలు, గాలి సోకడం, ఇలాంటివేవీ నేను నమ్మే మనిషిని కాను. గేరుబాక్సు మూలిగితే దానికి దెయ్యం పట్టిందని మా ఫ్యాక్టరీలో ఎవరూ అనరు. ఏ పన్ను అరిగిందో, ఏ బేరింగు బిగుసుకుందో చూస్తారు. సూళగిరి పారిశ్రామికవాడలో నా ఉద్యోగమే అది. కొత్తగా తయారైన గేరుబాక్సును తిప్పి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఉండకూడని శబ్దం ఎక్కడుందో పట్టుకోవాలి. ఇన్నేళ్లుగా నాకు అన్నం పెడుతున్నవి నా చెవులే. కాబట్టి ఇదంతా చదివి "నీకట్లా వినిపించి ఉంటుందిలే అమ్మా" అని మాత్రం ఎవరూ అనొద్దు. అంటే ఊరుకోను.

నాకు జాజ్ సంగీతమంటే పిచ్చి. హోసూరులో, యాభై దాటిన ఆడమనిషికి ఇదేం పిచ్చి అని మూతి విరిచేవాళ్లు మా వీధిలోనే బోలెడు మంది ఉన్నారు. విరుచుకోనీ. మా ముందు గదిలో దేవుడి పటాలకంటే ఆల్బం అట్టలే ఎక్కువ. నీలం రంగులో సగం మొహం మాత్రమే కనిపించే మనిషి, కళ్ల మీదికి దించుకున్న టోపీ, ఒక మూలకు చిన్న అక్షరాలు. ఆ అట్టలను చూస్తూ గంటలు గడపగలను. లోపలి పాట అట్టలోనే మొదలవుతుందని నాకు చెప్పినవాడు మా మామ.

మామ అంటే మా అమ్మ చిన్న తమ్ముడు నారాయణప్ప. వేప్పనపల్లికి అవతల మామిడితోటల మధ్య ఊరు. వయసులో ఉన్నప్పుడు బెంగళూరు హోటల్లో శాక్సఫోన్ వాయించాడు. తరవాత ఊరికి వచ్చేసి పెళ్లిళ్ల బ్యాండులో చేరాడు. తాళి కట్టేటప్పుడు బుద్ధిగా అందరితో కలిసి మేళం వాయించేవాడు. భోజనాల వేళ మాత్రం ఎవరూ పట్టించుకోరు కదా అని తనకిష్టమైన జాజ్ ఎత్తుకునేవాడు. పాయసం జుర్రుకుంటున్న చుట్టాలలో ఒక్కరికీ ఏమీ తేడా తెలిసేది కాదు. విస్తరి ముందు తినడం మరచిపోయి కూర్చునేదాన్ని నేనొక్కదాన్నే.

హోటల్లో ఉన్న రోజుల్లో మామ, ఇంకో ముగ్గురు కలిసి ఒక ఆల్బం రికార్డు చేశారు. అది బయటికి రాలేదు. కంపెనీ మూతపడింది, టేపులు ఏమయ్యాయో తెలియదు. మిగిలింది ఒకే ఒక్క ప్లేటు. మేం రికార్డును ప్లేటనే అంటాం. అచ్చు వేసే ముందు సరిచూసుకోవడానికి కోసిన సాంపిల్ ప్లేటది. మెత్తటి పూత. వేసిన ప్రతిసారీ కొంచెం అరుగుతుంది. లోకంలో ఆ సంగీతం ఉన్నది అందులో మాత్రమే.

దానికి మామే ఒక అట్ట చేశాడు. మామిడిగుజ్జు డబ్బాలు వచ్చే అట్టపెట్టెను కోసి, అంటించి, రంగులతో బొమ్మ వేశాడు. నల్లటి గుండ్రం, నడుమ చిన్న చిల్లు, అంచు దగ్గర నిటారుగా ఒక పుల్ల. ప్లేటు బొమ్మ అని అందరం అనుకున్నాం. "సూది చెయ్యి ఇట్లా నిక్కబొడుచుకుని ఉంటుందా మామా, బొమ్మ తప్పేసినావు" అని నేను ఎగతాళి చేసేదాన్ని. నవ్వేవాడు గానీ దిద్దేవాడు కాదు. అట్ట వెనక మొదటి వైపు పాటల పేర్లున్నాయి. రెండో వైపు చోటు ఖాళీ.

మొదటి వైపు మాత్రం ఏ పండక్కో పబ్బానికో నాకు వినిపించేవాడు. సూది దించే ముందు వంగి, దాని మీద దుమ్ము పోయేలా నోటితో "ఉఫ్" అని ఊదడం ఆయన అలవాటు. అట్లా చేయకూడదు, తడి తగులుతుంది అని ఎన్నిసార్లు పోట్లాడినా వినలేదు. ఫోన్లో కాపీ తీసుకుంటానంటే అసలే ఒప్పుకోలేదు. "ఫోన్లో ఇంటే రాగిముద్దను స్పూనుతో తిన్నట్లుంటాది, పో పాపా" అనేవాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా!

రెండో వైపు ఏమిటని అడిగితే ఒకటే జవాబు. "అది నీకు కాదు పాపా. దాన్ని వినాల్సినోడు వేరే ఉండాడు. ఆయప్ప వచ్చి అడిగితే ఏస్తా."

ఆ వినాల్సినోడు అడగలేదు. మామ పోయినేడు గుండెపోటుతో పోయాడు.

ఇప్పుడు పెద్దమామ గురించి చెప్పాలి. మా అమ్మకు అన్న, చిన్నమామకూ అన్న, వెంకటేశప్ప. పుట్టి పెరిగిన భూమినే దున్నుకుంటూ ఉన్నాడు. తమ్ముడితో ఏళ్ల తరబడి మాటల్లేవు. కారణం ఊరందరికీ తెలుసు. మా అవ్వ, అంటే వాళ్లమ్మ, పోయిన రోజు చిన్నమామ బెంగళూరులో వాయిస్తున్నాడు. కబురు అంది వచ్చేసరికి చితి ఆరిపోయింది. "కన్నతల్లి కట్టెలమీద ఉంటే వాడు ఆడ పీపీ ఊదుకుంటా ఉండినాడు" అని పెద్దమామ ఎవరడిగినా ఆ ఒక్క ముక్కే చెప్పేవాడు. చిన్నమామ వైపు నుంచీ ఒకటే మాట. "మాయన్న ముందర ఊదేది చెవిటోని ముందర శంఖం ఊదేది ఒకటే." ఇద్దరిళ్ల మధ్య ఒక గోడే అడ్డం.

మామ పోయినప్పటి నుంచి ఆయన భార్య మా జయమ్మత్తకు నిద్ర లేదు. పడుకుంటే పక్కన ఎవరో ఊపిరి తీస్తున్నట్లు ఉంటుందనేది. ఆస్పత్రిలో చూపించాను, మాత్రలు ఇచ్చారు, తగ్గలేదు. సంవత్సరీకం దగ్గరకొచ్చాక పెద్దమామ తేల్చేశాడు. ఆరోజు పెద్దలకు పెట్టడం అయ్యాక ప్లేటును దొడ్లో కాల్చేయాలి.

"వాని ఊపిరి దాంట్లో చిక్కుకోని ఉండాది. దాన్ని కాలిస్తే గానీ వాడు పోడు, ఈయమ్మకు నిద్ర రాదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఊపిరి కాదు మామా అది, గీతలు. గీతలో సూది పోతే సౌండు వస్తాది. అంతే!"

"నువ్వు సుమ్నే ఉండు పాపా, మాట్లాడొద్దు. ఫ్యాక్టరీ సదువు ఫ్యాక్టరీలో పెట్టుకో."

"ఒక్కతూరైనా ఇన్నావా నువ్వు దాన్ని?"

"నాకేం ఖర్మ!"

ఆయన చెడ్డవాడు కాదు. మరదలి బాధ చూడలేక అంటున్నాడు. అది నాకు తెలుసు. కానీ ఒక మనిషి బతుకంతా ఉన్నది ఆ ఒక్క నల్ల ప్లేటులో. అది కాలితే మా మామ ఇంకోసారి చచ్చిపోతాడు. కాపీ తీసుకుంటానంటే పెద్దమామ ఇవ్వలేదు. అత్త ప్లేటును బీరువాలో పెట్టి తాళం ఆయన చేతికిచ్చేసింది. అడిగితే, ఇక నాకు ఓపిక లేదమ్మా అని ఏడ్చింది. మా అమ్మ పుట్టింటి వైపు ఒక్కరూ నా పక్కన నిలబడలేదు. అయినా నేను వదలదలచుకోలేదు.

మా పక్క పెద్దలకు పెట్టేటప్పుడు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ పటం ముందు ఆకులో వడ్డిస్తారు. దాన్నే ఎడ అంటాం. కొత్త గుడ్డలు పెట్టి, సాంబ్రాణి వేసి, తలుపు మూసి, ఇంట్లో పిల్లితో సహా అందరూ బయటికి వచ్చేస్తారు. వాళ్లు వచ్చి తిని పోవాలని. కాసేపటికి ఇంటిపెద్ద తలుపు తట్టి తీస్తాడు. తట్టకుండా తీయకూడదు, తినేవాళ్లు ఉలిక్కిపడతారట. ఇవన్నీ నేను నమ్మను. కానీ ఆ ఆచారాన్నే పట్టుకున్నాను.

"మాంసం పెడతారు, రాగిముద్ద పెడతారు, బీడీకట్ట పెడతారు. ఆయప్పకు ఇష్టమైంది ఇవేనా? అన్నిటికంటే ఇష్టమైంది ఎడలో పెట్టకుండా ఏం పెద్దలకు పెట్టేది మామా ఇది?" అని వాకిట్లో నిలబడి గట్టిగానే అరిచాను. నలుగురూ వినాలనే అరిచాను.

పెద్దమామ ఏమీ అనకముందే అత్త నోరు తెరిచింది. "పాప చెప్పేది నిజమే బావా. ఒక్కతూరి పాడనీండి. ఆమీద మీ ఇష్టం."

మరదలు ఎదురుగా నిలబడి అడిగితే ఆయన కాదనలేకపోయాడు. తాళంచెవి నా చేతిలో పడేశాడు. "ఒక్కతూరే. ఆమీద కాల్చేదే" అన్నాడు. దొడ్లో కిరసనాయిలు డబ్బా అప్పటికే సిద్ధంగా ఉంది.

ఇది మిట్టమధ్యాహ్నం జరిగింది. చీకటి లేదు, వాన లేదు. పటం పెట్టిన గదికి ఒకటే తలుపు. కిటికీకి ఇనుప కమ్మీలు, వాటి మీద దోమల జాలీ, మేకులతో కొట్టింది. పైన సిమెంటు కప్పు. పటం పక్కన మామ పాత ప్లేయరు పెట్టాను. చేత్తో సూది దించాలి, చేత్తో ఎత్తాలి. పాట అయిపోయినా దానంతట అది ఆగదు, సూది చివరి గీతలో తిరుగుతూనే ఉంటుంది. ప్లేటు నడుమ కాగితం మీద మామ తెల్లరంగుతో ఒకటి, రెండు అని రాసుకున్నాడు. ఒకటి పైకి ఉండేలా పెట్టాను. అట్టను పటానికి ఆనించాను. బంతిపూల వెనక నా ఫోను దాచి రికార్డింగు నొక్కాను. దొంగతనమంటారా, అనుకోండి. సూది దించి బయటికి వచ్చాను. పెద్దమామ గొళ్లెం పెట్టి, తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

వసారాలో ఉన్నది నలుగురం. పెద్దమామ, అత్త, పిట్టగోడ మీద పెద్దమామ కొడుకు మంజునాథ, నేను. అందరూ నా కళ్లముందే ఉన్నారు.

తలుపు అవతల మామ మొదలుపెట్టాడు. మూడు పాటలు. రెండోదానిలో డ్రమ్ము మీద బ్రష్షుల్లాంటి కుచ్చుపుల్లలు ఆడుతుంటే చేటలో రాగులు చెరిగినట్లు ఉంటుంది. మూడోదాని చివర మామ ఒక స్వరం మీద అంతసేపు ఎట్లా నిలబడతాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అత్త స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకుంది. పెద్దమామ మాత్రం భుజం మీది తువ్వాలు తీస్తూ వేస్తూ, దగ్గుతూ, ఎప్పుడైపోతుందా అని కూర్చున్నాడు.

మూడో పాట అయిపోయింది. సూది చివరి గీతలో తిరుగుతున్న చప్పుడు. టక్, టక్, టక్.

"అయిందా? ఇంక చాలు" అని పెద్దమామ లేచాడు. కుర్చీ పక్కకు జరిపి, తలుపు తట్టడానికి పిడికిలి ఎత్తాడు.

టక్‌టక్ ఆగింది.

కరెంటు పోయిందనుకున్నాను. తల ఎత్తి చూస్తే వసారాలో ఫ్యాను తిరుగుతోంది. కొన్ని క్షణాలు ఏ చప్పుడూ లేదు. తరవాత సూది ప్లేటును తాకిన గరగర. ఆపైన శాక్సఫోన్.

నేను ఎన్నడూ వినని పాట అది. డ్రమ్ము లేదు, పియానో లేదు. అడుగున తంబురాలాగా ఒకే బరువైన స్వరం తిరుగుతూ ఉంది. దాని మీద మామ ఒక చిన్న వరసను అందుకుని, తిప్పి, మళ్లీ తిప్పి, ప్రతి తిప్పుకూ కొంచెం కొంచెం మారుస్తూ పోతున్నాడు. రెండో వైపు అని నాకు అర్థమైంది. తలుపు దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వేశాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు. నేనే కాదు, మంజునాథ గోడ దిగి వాకిట్లోకి పోయి నిలబడ్డాడు.

పెద్దమామ ఎత్తిన పిడికిలి ఎత్తినట్లే ఉంది. ఆయన పెదవులు కదులుతున్నాయి. మొదట ఏదో మంత్రం చదువుతున్నాడనుకున్నాను. దగ్గరికి పోతే పాడుతున్నాడు! గొంతు రావడం లేదు, ఒట్టి పెదాలే. తలుపు అవతలి వరసకు ఇవతల మాటలు సరిగ్గా పడుతున్నాయి.

అట్లాగే కిందికి జారి గడప ముందు కూలబడ్డాడు.

"మాయమ్మది" అన్నాడు. "మాయమ్మ రాగులు ఇసిరేతప్పుడు పాడేది. వాడు ఒళ్లో పండుకోని ఉండేవాడు. నేను పక్కన కూసోని రాయిలో గింజలు ఏసేవాణ్ణి. ఓరి నారాయణా!"

ఏడ్చాడు. డెబ్బై దాటిన మనిషి, మా అవ్వ చనిపోయినప్పుడు కూడా కన్నీరు పెట్టలేదని చెప్పుకునే మనిషి, తలుపుకు నుదురు ఆనించి ఏడ్చాడు. అవ్వ పోయిన కొన్ని నెలలకే ఆ ప్లేటు రికార్డు చేశారని నాకు తెలుసు. వినాల్సినోడు వేరే ఉండాడని మామ ఎవరి గురించి అనేవాడో ఇక ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

పాట పూర్తయ్యేదాకా ఎవరం కదలలేదు. అప్పుడు పెద్దమామ లేచి, మొహం తుడుచుకుని, పద్ధతి ప్రకారం తలుపు తట్టి గొళ్లెం తీశాడు.

లోపల ఎవరూ లేరు. ఆకులో వడ్డించినవి వడ్డించినట్లే ఉన్నాయి. జాలీకి ఒక్క మేకు కూడా ఊడలేదు, నేనే పట్టి లాగి చూశాను. మంచం కింద చూశాను. బీరువాలో కూడా చూశాను. ప్లేటు మీద పైకి కనిపిస్తున్న అంకె రెండు.

పెద్దమామ అట్టను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "ఇది ప్లేటు కాదే పాపా. ఇది మాయమ్మ ఇసురురాయి. ఇదో, పిడి" అని ఆ నిటారు పుల్ల మీద వేలు పెట్టాడు. ఏళ్ల తరబడి అట్టలు చదవడం వచ్చని విర్రవీగిన నాకు, ఒకసారి చూపించాక ఇంక అది వేరేలా కనిపించలేదు.

కిరసనాయిలు డబ్బాను ఆయనే తీసుకుపోయి వంటింట్లో పెట్టేశాడు. కాల్చే మాట మళ్లీ ఎత్తలేదు. ఆ రాత్రి నుంచి అత్త నిద్రపోతోంది. మాత్రలు ఇప్పుడు పనిచేశాయేమో. నేను కాదనను.

తరవాత ఎవరికి చెప్పినా తలా ఒక మాట అన్నారు. మంజునాథ చేసిన కొంటెపని అన్నారు. వాడు గోడ మీద నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. నేనే ఫోన్లో వేసి నాటకమాడాను అన్నారు. నేను ఎన్నడూ వినని పాటను ఫోన్లోకి ఎట్లా ఎక్కిస్తాను? పిల్లి అన్నారు ఒకరు. ప్లేటు తిరగేసి సూది దించే పిల్లి ఉంటే తెచ్చి ఇవ్వండి, రోజూ పాలు పోసి నేను పెంచుకుంటాను.

ఫోను రికార్డింగు నా దగ్గర ఉంది. ఫ్యాక్టరీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని గేరుబాక్సును విన్నట్లే విన్నాను. మొదటి వైపు అయ్యాక సూది తిరుగుతుంటుంది. తలుపు అవతల పెద్దమామ "అయిందా? ఇంక చాలు" అనడం వినిపిస్తుంది. అత్త గాజులు, మంజునాథ గొంతు సవరించుకోవడం, నా చెప్పుల చప్పుడు, నలుగురమూ బయటే ఉన్నట్లు అందులోనే ఉంది. తరవాత లోపల సూది లేస్తుంది. ప్లేయరు నడుమ ఉండే మేకులోంచి ప్లేటు పైకి జారిన చిన్న రాపిడి. అడుగుల చప్పుడు లేదు. గుడ్డల గరగర లేదు. ప్లేటు మళ్లీ కూర్చుంటుంది. సూది దిగేముందు, చాలా దగ్గరగా, ఒక్కసారి "ఉఫ్".

ఎన్ని వందల సార్లు విన్నానో నాకే తెలియదు. గాలి కాదు, వైరులో గోల కాదు. అవి నాకు తెలుసు. మనిషి నోటి ఊపిరి.

బెంగళూరులో పాత రికార్డింగులు శుభ్రం చేసే స్నేహితుడికి ప్లేటు ఇచ్చి, రెండు వైపులా సరిగ్గా కాపీ చేయించాను. ఆ ఫోను ముక్క కూడా కలపమన్నాను. నడుమ ఆ శబ్దం తీసేద్దాం మేడమ్, వినేవాళ్లు నవ్వుతారు అన్నాడు. నవ్వనీ. తీయొద్దన్నాను. ఆల్బం ఎప్పుడు బయటికి వచ్చినా రెండు వైపుల మధ్య ఆ ఊపిరి ఉండి తీరుతుంది. ఇష్టమైతే వినండి, లేకపోతే లేదు.

అయినా నేను దెయ్యాలను నమ్మను. ఇప్పుడు కూడా. ప్లేటును ఎవరు తిప్పారని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఉన్నట్లు నటించను, లేదని సిగ్గుపడను.

పోయిన వారం ఊరికి పోతే పెద్దమామ తన పంచలో నా కోసం కాచుకుని ఉన్నాడు. ఫోను తీసి, అవ్వ పాట పెట్టబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"పాట ఉండనీ పాపా" అన్నాడు. "దానికి ముందర ఊపిరి ఉండాదే, అది ఇంకొక్కతూరి పెట్టు."